రాళ్లను చదివిన రాబర్ట్ బ్రూస్ ఫుట్

బేతంచెర్ల నుంచి బళ్లారి వరకు ఆయన నడిచిన బాటలో మూడు రోజుల యాత్ర

బేతంచెర్ల: నాపరాతి గనులకు, పాలిష్ బండలకు పేరొందిన బేతంచెర్ల ప్రాంతానికి అంతకన్నా పాతదైన మరో ఘనత ఉంది. మన దేశంలో ఆదిమానవుని జాడల కోసం శాస్త్రీయ పద్ధతిలో గుహలను తవ్వించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ఇక్కడే జరిగింది. సుమారు 140 ఏళ్ల కిందట ఆ పనికి పూనుకొన్న వ్యక్తి రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఉద్యోగరీత్యా భూగర్భ శాస్త్రవేత్త. ఖనిజాల అన్వేషణకు నియమితుడైన ఆయన దారి పొడవునా రాతియుగపు మానవుని ఆనవాళ్లను వెదికి, భారత పూర్వచరిత్ర అధ్యయనానికి పితామహుడిగా ప్రసిద్ధి పొందారు. ఆయన తిరిగిన నేలలో అధిక భాగం నేటి రాయలసీమ, దాని పొరుగు ప్రాంతాలే. అయినప్పటికీ కర్నూలు, నంద్యాల, అనంతపురం జిల్లాల్లో ఆయన పేరు విన్నవారు బహు తక్కువ. సెలవుల్లో ప్రాచీన ప్రదేశాలను చూడాలని ఉవ్విళ్లూరే కుటుంబాలకు, విద్యార్థి బృందాలకు ఆయన జీవితమే చక్కని దారి పటం కాగలదు. సొంత వాహనంలో మూడు రోజులు వెచ్చిస్తే ఆయన పరిశోధనలోని ముఖ్య ఘట్టాలను వరుసగా దర్శించవచ్చు.

చెల్టెన్‌హామ్ నుంచి చెన్నపట్నానికి

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించారు. 1858లో, ఇరవై నాలుగేళ్ల ప్రాయంలో, భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చారు. థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వంలో 1851లో ఏర్పడిన ఆ శాఖకు ప్రధాన బాధ్యత బొగ్గు, ఇనుము, బంగారం వంటి ఖనిజాల నిక్షేపాలను గుర్తించి పటాలు తయారుచేయడం. పరిపాలకులకు కావలసినది సంపద లెక్క. ఫుట్ కూడా ఆ లెక్క కోసమే నియమితులయ్యారు.

ఆనాటి సర్వే ఉద్యోగుల జీవితం కఠినమైనది. వానలు వెనుకబట్టి చలి మొదలయ్యాక డేరాలు, సామగ్రి ఎడ్ల బండ్లపై వేసుకొని పల్లెల మీదుగా సాగేవారు. గుర్రంపైనో కాలినడకనో గుట్టలెక్కి, వాగులు దిగి, ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నదో పటంపై గుర్తించేవారు. ఎండలు ముదిరాక స్థావరానికి తిరిగివచ్చి నివేదికలు రాసేవారు. ఇలా ఏటా సాగే సంచారం ఫుట్ జీవితంలో మూడు దశాబ్దాలకు పైగా కొనసాగింది.

ఆయన వివాహం కూడా ఆయనను ఈ నేలకు మరింత దగ్గర చేసింది. తమిళ, తెలుగు భాషల్లో పాండిత్యం గడించిన మతప్రచారకుడు పీటర్ పర్సివల్ కుమార్తెను ఆయన పరిణయమాడారు. 1862లో మద్రాసులో వెలువడిన ఒక తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు ఈ పర్సివల్ కూర్చినదే కావడం విశేషం. మామగారు తెలుగు మాటలను సేకరించగా అల్లుడు తెలుగు నేలలోని రాళ్లను సేకరించారు.

పల్లవరంలో దొరికిన రాయి

ఫుట్ మద్రాసులో పనిచేస్తున్న కాలంలో ఐరోపాలో మానవుని ప్రాచీనతపై పెద్ద చర్చ నడుస్తున్నది. ఫ్రాన్సులోని సోమ్ నదీ లోయలో అంతరించిన జంతువుల ఎముకలతో పాటు మనిషి చెక్కిన రాతి పనిముట్లు లభించాయని 1859లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. మానవుడు భూమిపై కొద్ది వేల ఏళ్లుగానే ఉన్నాడన్న పాత నమ్మకం దానితో బీటలు వారింది. ఇటువంటి పనిముట్లు భారతదేశంలోనూ ఉండి తీరాలన్న ఊహతో ఫుట్ తన కళ్లను నేలపైనే నిలిపారు.

ఆ ఊహ 1863 మే 30న ఫలించింది. మద్రాసు సమీపంలోని పల్లవరం సైనిక కవాతు మైదానం వద్ద కంకర కోసం తవ్విన గోతిలో ఆయనకు ఒక రాతి పనిముట్టు కనిపించింది. ప్రాచీన శిలాయుగపు మానవుడు చెక్కినదిగా మన దేశంలో గుర్తింపు పొందిన తొలి పనిముట్టు అదే. అప్పటికి ఆయన వయస్సు 28 ఏళ్లు మాత్రమే. అదే ఏడాది సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి మద్రాసుకు వాయవ్యంగా ఉన్న అత్తిరంపాక్కం వద్ద వాగు ఒడ్డున మరిన్ని చేతిగొడ్డళ్లను కనుగొన్నారు. ఆ ఒక్క వాగు ఒడ్డు తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధమైంది. అక్కడి అడుగు పొరల్లోని పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో వెలువడిన పరిశోధన తేల్చింది.

కంకర గోతిలో ఉన్న ఆ రాయిని అంతకు ముందు ఎందరో చూసే ఉంటారు. రోడ్డు పనికి పనికివచ్చే గులకరాయిగా మాత్రమే అది వారికి కనిపించింది. ప్రకృతి సిద్ధంగా పగిలిన రాయి అంచు ఒక తీరుగా ఉంటుంది. మనిషి పదే పదే కొట్టి పెచ్చులు రాల్చిన రాయి అంచు మరో తీరుగా ఉంటుంది. ఈ తేడాను పట్టగలిగిన చూపే ఫుట్‌కు ఉన్న అసలు సంపద.

ఆ పనిముట్లలో అధికం క్వార్ట్‌జైట్ అనే గట్టి శిలతో చేసినవి. నగరి కొండల నుంచి కడప, కర్నూలు కొండల వరకు విస్తరించిన శిలా సముదాయంలో ఈ రాయి సమృద్ధిగా ఉంది. ఐరోపాలో చెకుముకి రాయి పోషించిన పాత్రను దక్షిణ భారతంలో ఈ క్వార్ట్‌జైట్ పోషించింది. రాయి దొరికే చోటును బట్టి మనిషి నివాసం ఏర్పడిందన్న సంగతిని భూగర్భ శాస్త్రం చదివిన ఫుట్ తేలికగా గ్రహించగలిగారు. కోస్తాలోనూ ఆయన సర్వే చేశారు. ఒంగోలు ప్రాంతం నుంచి మచిలీపట్నం వరకు గల తీరప్రాంతపు శిలా నిర్మాణంపై ఆయన రాసిన గ్రంథం 1879లో వెలువడింది.

మొదటి రోజు: బిలస్వర్గం

కర్నూలు నుంచి తెల్లవారుజామున బయలుదేరిన వారు ఓర్వకల్లు మండలంలోని కేతవరం వద్ద ఆగి, కొండ చరియలపై ప్రాచీన మానవుడు ఎర్రరంగుతో గీసిన బొమ్మలను చూడవచ్చు. అక్కడి నుంచి బేతంచెర్ల చేరుకుంటే ఫుట్ జీవితంలోని అత్యంత ఆసక్తికరమైన అధ్యాయం ఎదురవుతుంది. పట్టణానికి ఆగ్నేయంగా కొద్ది దూరంలో ఉన్న బిలస్వర్గం గుహలే ఆ చోటు. ఆనాటి ఆంగ్ల నివేదికల్లో ఇది బిల్లాసర్గంగా నమోదైంది.

ఈ గుహల్లో ప్రాచీన జంతువుల ఎముకలున్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే లోకానికి తెలిపారు. ఆ తరువాత నలభై ఏళ్లు వాటిని పట్టించుకొన్నవారు లేరు. ప్రముఖ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఈ గుహలను పరిశీలించవలసిందని అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించడంతో కదలిక వచ్చింది. ఆ బాధ్యత 1884లో ఫుట్‌పై పడింది. అప్పటికి ఆయన యాభయ్యవ పడిలో ఉన్నారు. ప్రారంభ పరిశీలన ముగించిన తరువాత తవ్వకాన్ని తన కుమారుడు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ బ్రూస్ ఫుట్‌కు అప్పగించారు. తండ్రి మార్గదర్శకత్వంలో కుమారుడు 1885 వరకు ఈ పని సాగించారు. గుహలకు కెథడ్రల్, చార్నెల్ హౌస్, పర్గేటరీ అంటూ తమ దేశపు పేర్లు పెట్టుకొన్నారు. చార్నెల్ హౌస్ అంటే ఎముకలను భద్రపరిచే ఇల్లు అని అర్థం. లోపల బయటపడిన ఎముకల రాశిని తలచుకొంటే ఆ పేరు ఎంత తగినదో అర్థమవుతుంది.

చీకటిలో దివిటీల వెలుగున, గబ్బిలాల రెట్ట దుమ్ములో, గట్టిపడిన మట్టిని పొరలు పొరలుగా తొలగించే పని అది. తట్టలెత్తిన, గడ్డపార పట్టిన స్థానిక కూలీల పేర్లు చరిత్రలో నిలవలేదు. వారి చెమట లేనిదే ఈ ఆవిష్కరణ లేదు. బయటపడిన ఎముకలను రిచర్డ్ లైడెకర్ అనే శాస్త్రవేత్త పరిశీలించగా, ఖడ్గమృగం, దుమ్ములగొండి, కొండముచ్చును పోలిన పెద్ద కోతి, గాడిద జాతి జంతువు తదితరాల ఆనవాళ్లు తేలాయి. అందులోని ఒక ఖడ్గమృగ జాతికి ఆయన కర్నూలు పేరునే పెట్టారు. నీళ్లకు కటకటలాడే ఈ గుట్టల్లో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయంటే నాటి వాతావరణం ఎంత భిన్నమైనదో ఊహించుకోవచ్చు.

జంతువుల ఎముకల్లో కొన్నింటిని మనిషి గీకి, చెక్కి, మొన తేల్చి పనిముట్లుగా మలచుకొన్నాడని ఫుట్ ప్రకటించారు. దక్షిణ భారతంలో ఎముక పనిముట్లు ఉన్నాయన్న ఈ మాటను చాలాకాలం పలువురు శంకించారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి, కె. తిమ్మారెడ్డి వంటి తెలుగు పురావస్తు శాస్త్రవేత్తలు ఈ పరిసరాల్లో మళ్లీ తవ్వకాలు జరిపారు. ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో మూర్తికి ఎముక పనిముట్లు లభించాయి. ఫుట్ పరిశీలనకు దాదాపు తొంభై ఏళ్ల తరువాత తెలుగువారి చేతుల మీదుగా బలం చేకూరడం గమనార్హం.

బిలస్వర్గం కథ అక్కడితో ముగియలేదు. ఈ గుహల్లో లభించిన జంతు అవశేషాలపై 2014లో వెలువడిన మరో పరిశోధన శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరిచింది. గత రెండు లక్షల ఏళ్ల పొరల్లో గుర్తించిన 21 క్షీరద జాతుల్లో ఒకటి మినహా మిగిలినవన్నీ భారత ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బ్రతికే ఉన్నాయని ఆ పరిశోధన వెల్లడించింది. ఇతర ఖండాల్లో పెద్ద జంతువులు మూకుమ్మడిగా అంతరించిన కాలంలో ఇక్కడ అవి తట్టుకొని నిలిచాయన్నమాట. ఇంతటి సాక్ష్యాన్ని దాచిన గుహకు చుట్టుపక్కల నేలంతా నాపరాతికి ప్రసిద్ధి చెందినదే కావడం ఆలోచించదగిన విషయం. రాయి ఈ ప్రాంతంలో వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నది. అదే సున్నపురాతిలో గుహలూ ఏర్పడ్డాయి. గని ఎక్కడ ఆగాలో హద్దు గీసి కాపాడుకోకపోతే గుహ మిగలదు.

జ్వాలాపురం: ఫుట్ తరువాతి పేజీ

బేతంచెర్ల నుంచి బనగానపల్లె దారి పట్టినవారు యాగంటిలో ఉమామహేశ్వరుని దర్శించుకొని, అక్కడి సహజ గుహలను చూసి, పక్కనే జుర్రేరు లోయలోని జ్వాలాపురం చేరవచ్చు. ఇది ఫుట్ కనుగొన్న ప్రదేశం కాదు. ఆయన మొదలుపెట్టిన అన్వేషణ ఎంత దూరం వెళ్లిందో చెప్పే ప్రదేశం. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అనే మహా అగ్నిపర్వతం బద్దలైంది. దాని బూడిద సముద్రాలు దాటి వచ్చి ఈ లోయలో పేరుకొన్నది. ఆ తెల్లటి బూడిద పొరకు కింద, పైన కూడా రాతి పనిముట్లు లభించాయని 2007లో దేశ విదేశీ శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. అంతటి ఉత్పాతం తరువాత కూడా ఇక్కడ మానవ జీవనం కొనసాగిందనడానికి ఇది ఆధారమని వారు భావించారు. ఈ బృందంలో ప్రముఖుడు కర్ణాటకకు చెందిన రవి కోరిశెట్టర్.

శాస్త్రవేత్తలకు అపురూపమైన ఆ బూడిదను పాత్రలు తోమే పొడుల వంటి వాటి తయారీ కోసం తవ్వి బండ్లకెత్తారు. డెబ్బై వేల ఏళ్లు చెక్కుచెదరని పొర కొద్ది ఏళ్లలోనే చాలాచోట్ల కరిగిపోయింది. దాని విలువ తెలియజెప్పేవారు లేనందువల్లనే పల్లె ప్రజలకు అది అమ్ముకోదగిన మట్టిగా కనిపించింది. రాత్రి బసకు బనగానపల్లె అనుకూలం.

రెండో రోజు: బెలుం, గుత్తి

మర్నాటి ఉదయం కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు చూడవలసినవి. బేతంచెర్లలో పని సాగించిన 1884లోనే ఫుట్ ఈ గుహలను కూడా పరిశీలించి నమోదు చేశారు. ఆ తరువాత వందేళ్ల పాటు ఇవి మరుగున పడ్డాయి. 1980లలో జర్మనీకి చెందిన డేనియల్ గెబావర్ బృందం లోపలికి దిగి వివరంగా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లుగా తేలింది. ఒకప్పుడు చెత్త వేసే గొయ్యిగా మారిన ఈ ప్రదేశాన్ని రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ శుభ్రపరిచి, దీపాలు, దారులు ఏర్పాటు చేసి 2002లో సందర్శకులకు తెరిచింది. సుమారు కిలోమీటరున్నర మేర నడిచి చూడవచ్చు. పాతాళగంగ, కోటిలింగాలు, వేయి పడగలు వంటి పేర్లతో ఉన్న రాతి రూపాలు పిల్లలను విశేషంగా ఆకట్టుకొంటాయి. లోపల ఉక్క అధికం. శ్వాస సంబంధిత ఇబ్బందులు ఉన్నవారు జాగ్రత్త వహించడం మంచిది.

బేతంచెర్లకు, బెలుంకు గల తేడా ఈ యాత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే మనిషి ఒకే ఏడాది నమోదు చేసిన రెండు చోట్లలో ఒకటి దేశమంతటా పేరొందిన పర్యాటక కేంద్రమైంది. శాస్త్రరీత్యా అంతకు తీసిపోని రెండోది మాత్రం పేరుకు నోచుకోలేదు.

బెలుం నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని తాడిపత్రిలో మధ్యాహ్న భోజనం ముగించుకొని, బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల శిల్పాన్ని దర్శించి, గుత్తి చేరవచ్చు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి వద్ద బండరాళ్లపై అశోక చక్రవర్తి శాసనాలున్నాయి. విశేషమేమంటే 1920ల చివర వీటిని గుర్తించినది కూడా ఒక భూగర్భ శాస్త్రవేత్తే. ఖనిజాలు వెదుకుతూ వచ్చి చరిత్రను కనుగొనడం ఈ సీమలో ఫుట్ ఒక్కరితో ఆగలేదు. చీకటి పడకముందే బయటపడి గుంతకల్లు మీదుగా బళ్లారి చేరితే రెండో రాత్రి అక్కడ బస చేయవచ్చు.

మూడో రోజు: బళ్లారి బూడిద దిబ్బలు

బళ్లారి నేడు కర్ణాటకలో ఉన్నప్పటికీ ఒకనాటి దత్తమండలాల్లో కడప, కర్నూలుతో పాటు అంతర్భాగం. 1953 వరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఈ జిల్లాపై ఫుట్‌కు ప్రత్యేకమైన మక్కువ. పట్టణానికి ఈశాన్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలోని సంగనకల్లు, కుప్‌గల్ కొండల్లో 1872లో ఆయన నవీన శిలాయుగపు పెద్ద స్థావరాన్ని గుర్తించారు. కొండను చీల్చుకొని సాగే నల్లటి డోలరైట్ రాతి దారను నాటి జనం కొట్టి, చెక్కి, అరగదీసి నున్నటి గొడ్డళ్లుగా మలిచారు. రాతి గొడ్డళ్ల కార్ఖానాగా చెప్పదగిన ఈ చోట సగం చెక్కి వదిలిన రాళ్లు, అరగదీసిన గాడులు గుట్టలు గుట్టలుగా ఉండేవి. ఇటువంటి నున్నటి గొడ్డళ్లు పొలాల్లో దొరికినప్పుడు పిడుగు పడిన చోట పుట్టిన రాళ్లని జనం నమ్మేవారు. కొన్నిచోట్ల దేవుడి గుడి ముందు పెట్టి పూజించేవారు.

ఇక్కడి బండలపై ఎద్దుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. మూపురాలు, వంపు తిరిగిన పొడవాటి కొమ్ములు స్పష్టంగా కనిపిస్తాయి. మరికొన్ని బండలను రాతితో తడితే గంటవలె మ్రోగుతాయి. ఆనాటి పశుపోషకుల జీవితం ఆ బొమ్మల్లో, ఆ ధ్వనుల్లో నిలిచి ఉంది.

ఈ ప్రాంతంలోని బూడిద దిబ్బలు ఆనాడు పెద్ద చిక్కుముడి. నల్లరేగడి నేలల్లో, గుట్టల నడుమ బూడిద, గట్టిపడిన కిట్టం కలిసిన పెద్ద దిబ్బలు కనిపిస్తాయి. అవి రాక్షసుల చితాభస్మమని జనశ్రుతి. హంపి సమీపంలోని నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా నేటికీ చెప్పుకొంటారు. విద్వాంసుల ఊహలు కూడా భిన్నంగా ఉండేవి. కొందరు కొలిమి బూడిద అన్నారు. రాబర్ట్ సీవెల్ వంటి పండితులు విజయనగర కాలపు సామూహిక దహనాలతో ముడిపెట్టారు.

ఫుట్ మాత్రం దిబ్బ చుట్టూ తిరిగి చూశారు. పక్కనే రాతి గొడ్డళ్లు, ముతక కుండపెంకులు, పశువుల ఎముకలు ఉన్నాయి. బూడిద తీరును పరిశీలించి అది కాలిన పశువుల పేడ అని తేల్చారు. పశువుల మందలను కట్టేసిన చోట ఏళ్ల తరబడి పోగుపడిన పేడ కాలి ఈ దిబ్బలు ఏర్పడ్డాయన్నది ఆ నిర్ధారణ సారాంశం. ఆనాడు దానిని అందరూ అంగీకరించలేదు. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వినప్పుడు, దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, బూడిద పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. ఫుట్ కన్నుమూసిన 45 ఏళ్లకు ఆయన ఊహ రుజువైంది. అనంతపురం జిల్లాలోని పాలవాయి దిబ్బ కూడా ఈ కోవకు చెందినదే. దక్షిణాదిన వ్యవసాయానికి, పశుపోషణకు పునాదులు వేసిన జనం ఈ సీమవారేనని నేడు శాస్త్రవేత్తలు గుర్తిస్తున్నారు. సంగనకల్లులో 1940లలో తవ్వకాలు జరిపి బళ్లారి రాతియుగ సంస్కృతులపై గ్రంథం వెలువరించిన బెండపూడి సుబ్బారావు పేరును ఈ సందర్భంగా స్మరించవలసి ఉంది.

బూడిద దిబ్బలకు చాలాచోట్ల పొలాల ఎరువే ముప్పుగా పరిణమించింది. కుప్‌గల్ కొండలకు కంకర, గ్రానైటు గనులు ముప్పు తెచ్చాయి. గనుల తవ్వకం వల్ల ఎద్దుల బొమ్మలున్న బండలకు ప్రమాదం ఏర్పడిందని పరిశోధకులు, స్థానిక చరిత్రాభిమానులు ఆందోళన వ్యక్తం చేశారు. బళ్లారిలో ఫుట్ పేరిట ఏర్పడిన సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాలను ఈ యాత్రకు చివరి మజిలీగా పెట్టుకోవచ్చు. మూడు రోజుల్లో దారిలో చూసినవన్నీ అక్కడి నమూనాలతో పోల్చుకొంటే విద్యార్థులకు విషయం మనసుకు హత్తుకొంటుంది.

విశ్రాంతి ఎరుగని జీవితం

ఫుట్ 1891లో ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించారు. అప్పటికి ఆయన సేవాకాలం 33 ఏళ్లు. ధార్వాడ్ శిలా సముదాయాన్ని వేరుగా గుర్తించి, అందులో బంగారు నిక్షేపాల తీరును వివరించిన ఘనత ఆయనది. బళ్లారి జిల్లా భూగర్భ నిర్మాణంపై ఆయన గ్రంథం 1895లో వెలువడింది. విరమణ తరువాత కూడా విశ్రమించలేదు. బరోడా సంస్థానం ఆహ్వానంపై గుజరాత్ వెళ్లి అక్కడి నేలను సర్వే చేశారు. 1893లో సబర్మతి నదీ తీరాన రాతియుగపు పనిముట్లను కనుగొన్నారు. మైసూరు సంస్థానానికి కూడా సేవలందించారు. చివరి దశలో సేలం సమీపంలోని ఏర్కాడు కొండపై స్థిరపడ్డారు.

తాను జీవితకాలం సేకరించిన వస్తువులను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి అప్పగించారు. నాలుగు వందలకు పైగా ప్రదేశాల నుంచి సేకరించిన వేలాది రాతి పనిముట్లు, కుండపెంకులు, ఇతర వస్తువులు అందులో ఉన్నాయి. ఒక్కొక్క వస్తువు ఏ జిల్లాలో, ఏ ఊరి వద్ద, ఎటువంటి నేలలో దొరికిందో రాసి పెట్టుకోవడం ఆయన అలవాటు. ఈ అలవాటు లేకపోతే ఆ వేలాది రాళ్లు వట్టి గులకరాళ్ల రాశిగానే మిగిలిపోయేవి. తొలినాటి పరిశోధకుడైనందున ఆయన లెక్కల్లో కొన్నింటిని తరువాతివారు సవరించవలసి వచ్చింది. కొన్ని జంతువుల గుర్తింపు మారింది. కాలనిర్ణయానికి ఆయన వద్ద నేటి పరికరాలు లేవు. అయినా ఆయన రాసిన ఊరి పేర్లు పట్టుకొని వెళ్లినవారికి నేటికీ ఆ చోటు దొరుకుతుంది.

సేకరణ వివరాల పట్టికను సిద్ధం చేయడంలో చివరి ఏళ్లు గడిపిన ఫుట్, అది అచ్చయి చూసుకోకుండానే 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన వయస్సు అప్పటికి 78 ఏళ్లు. పట్టిక 1914లో, దానికి అనుబంధమైన వ్యాఖ్యల సంపుటం 1916లో ప్రచురితమయ్యాయి. ఆయన సేకరణ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఏర్కాడు చర్చిలో ఆయన స్మారక ఫలకం ఉంది.

బయలుదేరే ముందు

ఈ యాత్రకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గల కాలం శ్రేష్ఠం. ఫుట్ కూడా చలికాలపు నెలల్లోనే డేరా ఎత్తేవారు. ఎండాకాలంలో ఈ గుట్టల వేడిమికి తట్టుకోవడం కష్టం. వానాకాలంలో జుర్రేరు వంటి వాగులు దారి ఇవ్వవు. బెలుం మినహా మిగిలిన చోట్ల సరైన సూచిక బోర్డులు, తాగునీరు, మరుగుదొడ్లు ఉంటాయన్న భరోసా పెట్టుకోరాదు. నీళ్లు, ఆహారం, గట్టి చెప్పులు లేదా బూట్లు, చేతి దీపాలు వెంట ఉంచుకోవాలి. గ్రామంలో పెద్దలను పలకరించి, దారి తెలిసిన వారిని తోడు తీసుకొని వెళ్లడం అన్ని విధాలా క్షేమం. గుహల్లో గబ్బిలాలను బెదరగొట్టరాదు. అలికిడికి తేనెటీగలు లేచే ప్రమాదం ఉన్నందున నిప్పు రాజేయరాదు. రాతి బొమ్మలపై నీళ్లు చల్లడం, సుద్దతో గీయడం వల్ల అవి త్వరగా చెరిగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కంటికి నచ్చిన రాయిని జేబులో వేసుకొని రాకపోవడం. ఫుట్ కాలంలో ఏరి, రాసి, మ్యూజియానికి చేర్చడమే శాస్త్రం. నేడు ఆ రాయి పడి ఉన్న చోటే దానికి సగం అర్థం. చోటు మారితే ఆ అర్థం చెదిరిపోతుంది. అటువంటి వస్తువు కనిపిస్తే ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకొని, పురావస్తు శాఖకు గాని, సమీప విశ్వవిద్యాలయపు చరిత్ర విభాగానికి గాని తెలియజేయడం పౌరధర్మం.

చేయవలసినవి

మోయగలిగిన వాటిని ఫుట్ మ్యూజియానికి చేర్చారు. గుహలను, బూడిద దిబ్బలను, బొమ్మలు చెక్కిన కొండలను మాత్రం ఎవరూ మోసుకుపోలేరు. అవి మన ఊళ్ల మధ్యనే, మన గనుల అంచునే ఉన్నాయి. బిలస్వర్గం, జ్వాలాపురం వంటి చోట్ల చుట్టూ హద్దురాళ్లు నాటడం, ఆ హద్దుల్లో తవ్వకాలను నిషేధించడం, తెలుగులో వివరాల బోర్డులు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాకు ఈ వారసత్వ సంపద సహజంగా సంక్రమించింది. బెలుంతో పాటు వీటిని ఒకే పర్యాటక వలయంగా కలిపితే గైడ్లుగా, వాహన చోదకులుగా, బస కేంద్రాల నిర్వాహకులుగా స్థానిక యువతకు ఉపాధి లభిస్తుంది. గుహ నిలిచి ఉంటేనే తమకు రాబడి అని తెలిసిన ఊరు దానిని కాపాడుకొంటుంది.

ఉన్నత పాఠశాలల విజ్ఞాన యాత్రలను దూరప్రాంతాలకు నడపడానికి ముందు సొంత జిల్లాలోని ఈ చోట్లను ఒకసారి చూపించడం అవసరం. పరాయి దేశం నుంచి వచ్చిన ఒక ఉద్యోగి ఎడ్ల బండి వెంట నడిచి చూడగలిగిన వాటిని, తారు రోడ్డు, సొంత బండి ఉన్న తరం చూడకుండా పోగొట్టుకొంటే ఆ నష్టం పూడ్చలేనిది. అధికారులు, విద్యాసంస్థలు, గనుల యజమానులు ఒకచోట కూర్చొని ఏ గుట్ట వరకు తవ్వాలో, ఏ గుట్టను వదలాలో తేల్చుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.